బాలుర చేతులలో యుద్ధచరిత్ర

పానిపట్టు యుద్ధము లెన్ని, అవి యే సంవత్సరములలో జరిగెనని యడిగినచో మన విద్యార్థి 1526, 1556, 1761 అని తడుముకొనక యప్పగించును. నిర్మల పట్టణములో 1860లో జరిగిన దేమి? ఆసిఫాబాదు కొండలలో 1940లో తుపాకులు మ్రోగుటకు కారణ మేమి? 1948 మార్చి నెలలో హుస్నాబాదు దగ్గఱ నేలకొఱిగిన వారెవరు? ఈ ప్రశ్నలకు ఆ విద్యార్థియే తడబడును. తప్పు బాలునిది కాదు. చరిత్ర యనగా పరీక్షనాడు వ్రాసి మఱునాడు మఱచిపోదగిన యంకెల పట్టిక యని వానికి మనమే నేర్పితిమి.

ఇటీవల కొంత మార్పు వచ్చినమాట నిజము. పాఠ్యపుస్తకములలో కుమ్రం భీము పేరు చేరినది. 2016లో ఒక జిల్లాకే ఆయన పేరు పెట్టబడినది. జోడేఘాట్‌లో స్మారకచిహ్నమును, ప్రదర్శనశాలయు వెలసినవి. ఇవి సంతోషింపదగిన విషయములే. కాని పుస్తకములోని పేరును, కూడలిలోని విగ్రహమును పిల్లవాని మనస్సులోనికి చేర్చుటకు వేఱొక మార్గము కావలయును. ఆ మార్గము చేతిపని యని మా యభిప్రాయము. మట్టి, కఱ్ఱ, కాగితము, రంగు, దారము, పాట, వీనితో కరీంనగరు, ఆదిలాబాదు సీమల బాలబాలికలు తమ నేలమీద జరిగిన పోరాటములను తామే నిర్మించి నేర్చుకొనవలెను. అయితే ఈ పనికి నియమ మొకటి కలదు. యుద్ధమునకు మూలమైన దానిని మొదట చేయింపవలెను. ఆయుధమును కడపట చేయింపవలెను. ఈ క్రమము తప్పినచో అది చరిత్రబోధ కాదు, కత్తుల యాట యగును.

చేతిపనిచే నేర్చుట మన బాలురకు క్రొత్త గాదు. పొలాల అమావాస్యకు ఆదిలాబాదు పల్లెలలో పిల్లలు బంకమట్టితో ఎడ్లజతలు చేయుదురు. ఆ మట్టియెద్దునకు మూపు ఎక్కడ రావలెనో, కాడి యెక్కడ ఆనవలెనో వారికి ఏ పుస్తకమును చెప్పలేదు. మన సరిహద్దుకు ఆవలనున్న మహారాష్ట్రమున దీపావళి దినములలో పిల్లలు వాకిళ్లయందు మట్టితోను రాళ్లతోను కోటలు కట్టి శివాజీ కాలపు దుర్గములను తలచుకొందురు. బురుజు ఎందుకు వంకర తిరిగినదో, నీటితొట్టి కోటలో నెక్కడ నుండెనో ఆ పిల్లలు చిన్ననాటనే యెఱుగుదురు. 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యామహాసభయందు గాంధీమహాత్ముడు చేతిపనియే విద్యకు కేంద్రము కావలెనని వాదించెను. జాకీర్ హుస్సేన్ అధ్యక్షతన నొక సంఘము ఆ పథకమును రచించెను. 2020 నాటి జాతీయ విద్యావిధానము సైతము అనుభవముచేతను, కళలచేతను, ఆటబొమ్మలచేతను బోధింపవలెనని చెప్పుచున్నది. సిద్ధాంతమునకు కొఱత లేదు. దానిని మన చరిత్రకు అన్వయించుట యందే కొఱత.

మొదట జోడేఘాట్ సంగతి చూతము. సాధారణముగ బడులలో జరుగున దేమనగా, వర్ధంతినాడు ఒక బాలునికి తలపాగా చుట్టి, చేతికి అట్టతో చేసిన తుపాకి నిచ్చి, నాలుగు వాక్యములు వల్లెవేయించి, చప్పట్లు కొట్టి యింటికి పంపుదురు. ఆ బాలునికి మిగిలినది తుపాకి. భీము ఎందులకు పోరాడెనో వాని కంతుబట్టలేదు. దీనికి మాఱుగా ఉపాధ్యాయుడు తరగతిగది నేలమీద చెఱువుమట్టితో ఒక కొండవరుసను కట్టింపవలెను. కొండల నడుమ పన్నెండు చిన్న పల్లెలను నిలుపవలెను. జోడేఘాట్, బాబేఝరి, పట్నాపూర్ మొదలైన వాని పేర్లను పిల్లలచేతనే వ్రాయింపవలెను. వాగు ఎక్కడ పారును, జొన్నచేను ఎక్కడ నుండును, పశువులు ఏ వైపునకు మేతకు పోవును, ఇప్పపూవు ఎక్కడ రాలును, ఇవన్నియు అమర్చిన పిదప ఉపాధ్యాయు డొక యెఱ్ఱదారమును తీసికొని పల్లె చుట్టును బిగుతుగా పఱచి, ఇది సర్కారువారి రక్షితారణ్యపు సరిహద్దు అని చెప్పవలెను. అప్పుడు పిల్లలు తామే చూతురు: చేను దారమునకు ఆవలబడినది; మేత ఆవలబడినది; వంటచెఱకు ఆవలబడినది; ఇల్లు మాత్రమే లోపల మిగిలినది.

ఆ యెఱ్ఱదారమే జోడేఘాట్ పోరాటమునకు మూలము. ఆ కాలమున నిజాము ప్రభుత్వపు అటవీశాఖ గోండుల పోడుచేలను అడవిలో కలిపికొనెను. పశువుల మేతపైనను వంటచెఱకుపైనను ‘బంబ్రాం’, ‘దూపపెట్టి’ యను పన్నులు వేయబడెను. తరతరములుగా దున్నిన నేలకు బయటినుండి వచ్చినవారు పట్టాలు సంపాదించిరి. 1901లో సంకేపల్లిలో పుట్టిన కుమ్రం భీము పన్నెండు గూడెముల నేలపై గోండులకే హక్కు కావలెనని కోరెను. నీరు, అడవి, నేల యను మూడు మాటలలో ఆ కోరిక ఇమిడియున్నది. కోరిక మన్నింపబడలేదు. 1940లో జోడేఘాట్‌లో పోలీసుల తుపాకిగుండ్లకు ఆయనయు, ఆయన యనుచరులును బలియైరి. దారమును తన చేతితో ముట్టి చూచిన బాలుడు ఈ వాక్యములను వల్లెవేయ నక్కఱలేదు. దారమును దాటిన యెద్దును ఎవరు పట్టుకొందురు, విడిపించుటకు ఎంత యీయవలెను, ఈయలేనివాడు ఏమి చేయవలెను అని వాడే యడుగును. ఆ ప్రశ్న వాని నోట వచ్చిన దినమున చరిత్రపాఠము మొదలైనదని యెంచవచ్చును.

ఈ మట్టికొండల చుట్టును మఱియొక పాఠము కలదు. భీము మరణదినము విషయమున గ్రంథములందు భేదము కనబడును; కొందఱు సెప్టెంబరు అనియు, కొందఱు అక్టోబరు అనియు వ్రాసిరి. జనులు మాత్రము ఆశ్వయుజ పూర్ణిమనాడు జోడేఘాట్‌లో చేరి నివాళు లర్పింతురు. దీనిని దాచిపెట్టి ఒక తేదీని పిల్లలచే కంఠస్థము చేయించుట కంటె, భేదమును వారి ముందుంచుట మేలు. పై తరగతులవారు విక్రమనామ సంవత్సర పంచాంగమును వెదకి ఆ పూర్ణిమ ఇంగ్లీషు మాసములలో ఏ దినమున పడినదో లెక్కకట్టవచ్చును. వ్రాతలో నున్నదానికిని, జనుల నోటనున్న దానికిని పొత్తు చూచుటయే చరిత్రకారుని పని. అది పదేండ్ల బాలునికి సయితము అలవడును.

ఇక నిర్మల. 1857 జూలైలో తురేబాజ్ ఖాను, మౌల్వీ అల్లాఉద్దీను నాయకులై హైదరాబాదు రెసిడెన్సీపై దాడి చేసిరి. ఆ దాడి విఫలమైనను ఉత్తరమున గోదావరీతీరమందు నిప్పు ఆఱలేదు. రాంజీ గోండు నాయకత్వమున గోండులును, రోహిల్లాలును కలిసి ఆంగ్లసేనలతో పోరాడిరి. 1860లో రాంజీని పట్టి, అనుచరులతో కూడ నిర్మల దగ్గఱ మఱ్ఱిచెట్టునకు ఉరి తీసిరి. ఆ చెట్టున ఉరితీయబడినవారు వేయిమంది యని జనశ్రుతి. అందుచేతనే ఆ చెట్టునకు ‘వెయ్యి ఉరుల మఱ్ఱి’ యను పేరు వచ్చినది. నేడు ఆ చెట్టు లేదు. చెట్టు లేనిచోట దాని జ్ఞాపకమును నిలుపవలసినది మనుష్యులే.

ఈ కథను బాలురకు ఎట్లు చెప్పవలెను? ఉరిత్రాళ్లను చేయించుట తగదు. పసిమనస్సునకు భీతి కలిగించుట విద్య కాదు. నిర్మలలోనే దీనికి సాధనమున్నది. నిర్మల బొమ్మలు లోకప్రసిద్ధములు. తేలికయైన పొణికి కఱ్ఱను చెక్కి, ముక్కలను చింతగింజల జిగురుతోను రంపపు పొట్టుతోను అతికి, నునుపుచేసి, సుద్దపూసి, రంగులు వేయు విద్య ఆ పట్టణమున తరతరములుగ నున్నది. ఒక బొమ్మల పనివానిని బడికి పిలిచి, పిల్లలచే పొణికితో మఱ్ఱిమానును, ఊడలను చేయింపవలెను. పిదప కాగితముతో ఆకులు కత్తిరించి అంటింపుడని చెప్పవలెను. ఎన్ని ఆకులు? వేయి ఆకులు. ముప్పదిమంది పిల్లలు కూర్చున్నను అది ఒక దినమున ముగియు పని కాదు. నూఱు ఆకులు అంటించునప్పటికే వేళ్లు నొచ్చును. వేయి యనగా ఎంతయో అప్పుడు వారి కెఱుకపడును. అప్పుడే తెలివిగల బాలుడొకడు నిజముగ వేయిమందియేనా యని యడుగును. ఉపాధ్యాయుడు వానిని కసరరాదు. జనశ్రుతికిని, లిఖితసాక్ష్యమునకును గల భేదమును చెప్పి, అంకె ఎట్లున్నను శోకము అబద్ధము కాదని తెలుపవలెను. ఒక జాతి తన పోగొట్టుకొన్న వారిని పేరుపేరున వ్రాసికొనజాలనప్పుడు ఒక పెద్ద అంకెలో వారిని దాచుకొనును. ఆ సంగతి ఆకులంటించిన బాలున కర్థమగును.

కరీంనగరు విషయమునకు వత్తము. అనభేరి ప్రభాకరరావు భూస్వామి కుటుంబమున పుట్టియు వెట్టిచాకిరికిని, దొరల దౌర్జన్యమునకును ఎదురు నిలిచెను. ఊరూర పటేలు పట్వారీల దస్తరములను తగులబెట్టించెను. 1948 మార్చి 14వ తేదీన హుస్నాబాదు ప్రాంతమందలి మహమ్మదాపురము దగ్గఱ సింగిరెడ్డి భూపతిరెడ్డి మొదలగు సహచరులతో కూడ పోరాడుచు ప్రాణము విడిచెను. అదే సంవత్సరము సెప్టెంబరులో నిజాము పాలన ముగిసెను. ఈ వీరుల కథలో బాలుని ఆశ్చర్యపఱచున దొకటి గలదు: తుపాకి యెదుట నిలిచిన మనుష్యులు కాగితములను ఏల కాల్చిరి?

దీనికి జవాబు తరగతిలోనే తయారుచేయవచ్చును. పిల్లలు ముతకకాగితము కుట్టి ఒక దస్తరమును కట్టవలెను. తరగతి నేలను సుద్దముక్కతో చేలుగా విభజించి ఒక్కొక్క చేను ఒక్కొక్కరి కీయవలెను. ఒక బాలుని పట్వారిగా నియమించి, అతడొక్కడే దస్తరమును చూడవచ్చుననియు, తక్కినవారికి అక్షరములు రావనియు షరతు పెట్టవలెను. రెండు దినములు గడచిన పిమ్మట దస్తరమును విప్పి బిగ్గఱగా చదివినచో, తాను దున్నుచున్న చేను వేఱొకని పేర నెక్కినదని ఒక బాలిక విని మండిపడును. ఆ కోపమే పాఠము. అక్షరము తెలియని రైతునకు దస్తరము కత్తికంటె పదునైనదని ఆమెకు మఱి యెవరును చెప్పనక్కఱలేదు. తాను చదువుకొనుట ఎందులకో కూడ ఆ దినముననే ఆమె గ్రహించును.

చెట్టు, సరిహద్దు దారము, దస్తరము. మూడు యుద్ధములను మూడు వస్తువులచే చెప్పవచ్చునని చూపితిమి. మూటిలో నొకటియు ఆయుధము కాదు. బాలునికి కత్తిపై మోజు సహజమే. గుత్పలు, వడిసెలలు, బరిసెలు, నాటుతుపాకులు చేయవలదని మేము చెప్పము. మొదట ఊరిని కట్టినవాడు పిదప బరిసెను చేసినచో ఆ బరిసె దేనిని కాపాడుటకో వానికి తెలిసియుండును. ఊరు లేని బరిసె వీధిలో తోటివానిని పొడుచుటకే పనికివచ్చును.

దీనికి ఆక్షేపణ లుండకపోవు. యుద్ధములను నేర్పినచో బాలురలో వైరము పుట్టునని కొందఱందురు. ఈ శంకను మేము తేలికగా తీసివేయము. నాటకములో నిజాము పోలీసు వేషమును తరగతిలోని ముసల్మాను బాలునికే కట్టబెట్టుట, దొర వేషమును ఒక కులపు బాలునికే ఇచ్చుట వంటి దుర్మార్గమునకు ఉపాధ్యాయుడు ఎన్నడును ఒడిగట్టరాదు. ఒక వేషము ఒక పూట కట్టిన బాలుని తోటివారు సంవత్సరము పొడుగునను ఆ పేరుతోనే పిలుతురు. వేషములను చీట్లు వేసి పంచవలెను. నాడు పోలీసైనవాడు నేడు గోండు కావలెను. నిర్మల కథయే ఈ వైరమునకు మందు. ఆ మఱ్ఱికొమ్మలమీద గోండును, రోహిల్లాయు నొక్కటిగా ప్రాణములు విడిచిరి. మతముచే ఆ యుద్ధమును విడదీయజూచువానికి ఆ చెట్టే అడ్డు నిలుచును. పోలీసు కవాతులో నడచినవాడును జీతమునకు వచ్చిన పేదవాడే కావచ్చునని చెప్పుట వలన వీరుల కీర్తి తగ్గదు.

పరీక్షలకు కాలము చాలదని మఱికొంద ఱందురు. వారమున కొక గంట, ఆఱు వారములు చాలును. చెఱువుమట్టికి వెల లేదు. పాతపత్రికల కాగితమునకు వెల లేదు. తన చేతితో కట్టిన కొండను గూర్చి పది వాక్యములు వ్రాయుమన్నచో బాలుడు ఇరువది వ్రాయును. అదియు పరీక్షకు పనికివచ్చును. బహుమతుల పద్ధతిని మాత్రము మార్చవలెను. అందమైన బొమ్మకు గాక, బొమ్మను చూపి కారణమును చెప్పగలిగిన బాలునికి బహుమతి యీయవలెను. లేనిచో తండ్రులు బజారునుండి కొనితెచ్చిన సిద్ధవస్తువులే గెలుచును.

అన్నిటికంటె ముఖ్యమైన దొకటి మిగిలినది. ఇవి ఎవరి చరిత్రలో వారిని బయట నిలిపి మనము బోధింపరాదు. నెమలియీకల కిరీటము దండారిలో గోండులకు పూజ్యమైన వస్తువు. దానిని కాగితముతో చేసి పిల్లల నెత్తిన పెట్టి ఎగురుమనుట మర్యాద కాదు. గుస్సాడీ నృత్యమును దేశమునకు తెలిపిన మార్లవాయి కనక రాజుగారికి 2021లో పద్మశ్రీ బిరుదు వచ్చినది. 2024లో ఆయన దివంగతులైరి. ఆయన యడుగుజాడలలో నేర్చినవారిని బడికి ఆహ్వానించి, ఏది నేర్పదగినదో ఏది తగదో వారినే అడుగవలెను. కిక్రి వాయించుచు గోండురాజుల గాథలు పాడు ప్రధానులు సజీవ గ్రంథాలయములు. మట్టి అచ్చుపై మైనపు తీగలు చుట్టి ఇత్తడి పోసి బొమ్మలు చేయు ఉషేగాం ఓజులు ఆదిలాబాదు సీమకు పేరు తెచ్చిరి. వీరిని ఉపాధ్యాయులుగా పిలిచి, దినవేతన మిచ్చి, కుర్చీవేసి గౌరవింపవలెను. ఉత్తచేతులతో రప్పించి శాలువ కప్పి పంపుట మఱియొక విధమైన వెట్టియే.

ఈ సీమలో ఇట్టి యత్నము పూర్వము జరుగకపోలేదు. జోడేఘాట్ పోరాటము తరువాత గోండుల స్థితిని విచారించుటకు వచ్చిన హైమన్‌డార్ఫ్ పండితుడు 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులను తయారుచేయు కేంద్రమును నెలకొల్పించెను. గోండీభాషలోనే వాచకములు వ్రాయించెను. ఆయనయు, ఆయన భార్యయు ఆ గ్రామమందే సమాధులై యున్నారు. మొన్నమొన్న గుంజాల గ్రామమున బయల్పడిన ప్రాచీన గోండీలిపికి 2018లో ప్రపంచ కంప్యూటరు లిపుల పట్టికలో స్థానము దొరికినది. ఇక మన పిల్లలు కట్టిన మట్టిపల్లెల ప్రక్కన పేర్లను తెలుగులోను, గోండీలోను వ్రాయుటకు అడ్డేమున్నది? గోండు బాలిక తన భాషలో వ్రాసిన పేరును తెలుగు బాలుడు కూడబలుకుకొని చదువు దినమున మాత్రమే భీముపాఠము సరిగా చెప్పబడినదని మేము నమ్ముదుము.

విద్యాశాఖాధికారులకు మేము చేయు మనవి యిది. రాబోవు ఆశ్వయుజ పూర్ణిమకు ముందుగ ఉత్తర తెలంగాణమందలి ప్రతి పాఠశాలయు తన మండలములో జరిగిన ఒక్క పోరాటమును ఎంచుకొని, పిల్లలచేత నిర్మింపజేసి, ఊరివారికి చూపవలెను. ఖర్చునకు స్వల్పమైన మొత్తమును, పనివారికి వేతనమును ప్రభుత్వమే యీయవలెను. ఉపాధ్యాయులకు మా ప్రార్థన: పిల్లలు అడుగు ప్రశ్నలను నోటుపుస్తకములో వ్రాసియుంచుడు, వానికి జవాబులు ఊరి వృద్ధుల నడిగి తెలిసికొనుడు. ఏడాదికేడాది ఆ వృద్ధులు తగ్గిపోవుచున్నారు. తల్లిదండ్రులకు మా మాట: బిడ్డ చేతికి మట్టి అంటినదని విసుగుకొనకుడు. భీము ప్రాణమిచ్చినది ఆ మట్టికొఱకే. దానిని పిసికి చూడని చేతికి దాని విలువ తెలియదు.